సాలెపట్టూ, గడప దగ్గరి దండా

మాఘమాసం, మంగళవారం
భూపాలపల్లి దాటినాక అడవి పక్క ఊరి నుంచి

అక్కా,

ముందుగా నా రాత చూసి నవ్వకు. ఏడో తరగతి తర్వాత నేను కలం పట్టింది పెళ్లి కాగితాల మీద సంతకం పెట్టినప్పుడే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగ్గా రాదు. ‘ళ’ ఉండాల్సిన చోట ‘ల’ పడి ఉంటుంది. వరుసలు కూడా కిందికి జారిపోతున్నాయి, పీట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను కదా. అర్థం కాని చోట నా గొంతు గుర్తు చేసుకుని చదువు, తెలిసిపోతుంది.

నువ్వు, బావ, మానస అందరూ బాగున్నారా? మీ అత్తమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో ఎవరో దగ్గుతున్నట్టు వినపడింది, నువ్వా బావా తెలియలేదు. నువ్వే అయితే దవాఖానకు పో, మిరియాల కషాయం తాగి ఊరుకోకు. మానుకోటలో అంత పెద్ద దవాఖాన పెట్టుకుని ఇంట్లో దగ్గుతూ కూర్చుంటే ఎట్లా? నేను బాగానే ఉన్నాను. నీ మరిది బాగానే ఉన్నాడు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నువ్వు రంది పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అంటావేమో. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది నీ మరిది జేబులో ఉంటుంది. సిగ్నల్ రోడ్డు మీదికి పోతేనే దొరుకుతుంది. అక్కడ నిలబడి గట్టిగా అరిచి మాట్లాడాలి. నాకు గట్టిగా మాట్లాడటం రాదని నీకు తెలుసు. మొన్న మానస అడిగినప్పుడు కూడా నేను నోరు తెరిచేలోపు మా అత్తమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఫోన్ నీ మరిది చేతికి ఇచ్చేశాను.

మానస ఏమడిగిందో నీకు గుర్తుందో లేదో. “చిన్నమ్మా, పొద్దుగాల పొలంల గాలికి తేలుకుంట పోయే సన్నటి దారాలు ఉంటయి గదా, వాటిని మీరు ఏమంటరు? ఆ మాట యాడికెళ్లి వచ్చింది? మా టీచర్ ఇంట్ల పెద్దోళ్లను అడిగి రాసుకొని రమ్మన్నది” అన్నది. నన్ను కూడా పెద్దోళ్లలో కలిపినందుకు నవ్వొచ్చింది. ఆ మాట గురించి ఇందులో రాస్తాను. ఇంకో సంగతి కూడా ఉంది. నిజానికి ఆ సంగతి కోసమే కాగితం తీసుకున్నాను. అది నువ్వొక్కదానివే చదవాలి.

మానసకు చెప్పు: దాన్ని మనింట్లో సాలెపట్టు అంటాం. ఇంటి మూలల్లో దుమ్ము పట్టి నల్లగా వేలాడేది బూజు. అది వేరు. సాలెపట్టు అంటే సాలెపురుగు నుంచి అప్పుడే వచ్చిన దారం, ఊదితే ఎగిరిపోయేది, కంటికి ఎండ తగిలితేనే కనపడేది. మనూరి బడికి జనగామ నుంచి బస్సులో వచ్చే పంతులమ్మ ఉండేది చూడు, ఆమె చెప్పింది నాకు ఇంకా గుర్తుంది. సాలె అంటే నేసేవాడు. మగ్గం ఉండే ఇల్లు శాల, ఆ శాలలోంచే సాలె అనే మాట వచ్చిందని ఆమె అన్నది. పురుగు కూడా నేస్తుంది కాబట్టి సాలెపురుగు, అది కట్టుకున్న ఇల్లు సాలెగూడు, దాని దారం సాలెపట్టు. ఆ రోజు క్లాసులో అందరూ నా వైపు తిరిగి చూశారు, మనది మగ్గం ఇల్లు కదా. నేను సిగ్గుతో తల బల్లకు ఆనించుకున్నాను. ఇంటికొచ్చి నాయనమ్మకు చెబితే ఆమె పెద్ద ఖుషీ అయింది. “మనల్ని చూసి పురుగుకు పేరు పెట్టిండ్రు గని, పని మాత్రం మనమే దాన్ని చూసి నేర్చుకున్నం” అన్నది. అది నిజమో కాదో నాకు తెలియదు. మానసను నాయనమ్మ మాట అని రాసుకోమను.

కానీ ఒకటి నాకు అప్పుడు అర్థం కాలేదు. మనం నేసేది నూలు. మరి సాలెనూలు అనకుండా సాలెపట్టు అని ఎందుకన్నారు? పంతులమ్మను అడగాలని ఉండేది, అడగలేదు. నేను ఎవరిని ఏం అడిగాను కనుక. అడగకపోవడం వల్లే ఇక్కడ ఇంత పని జరిగింది.

అక్కా, ఇప్పుడే లేచి గడప దాకా పోయి వచ్చాను. ఏమీ లేదు, ఊరికే. ఈ నెల రోజుల నుంచి ఇదే పని నాకు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గడప దగ్గరికి పోవాలనిపిస్తుంది.

ఈ ఇంటి సంగతి నీకు మొత్తం చెప్పనే లేదు, పెళ్లిలో చూసింది తప్ప. వీళ్లది దసలి పట్టు. మన బజారులో దొరికే మెరిసే పట్టు కాదు, మట్టి రంగులో, తేనె రంగులో ఉంటుంది. అడవిలో మద్ది చెట్ల మీద పురుగులను పెంచుతారు. పురుగులు చెట్టు మీద ఉన్నన్ని రోజులు మామ, నీ మరిది అక్కడే గుడిసెలో ఉంటారు. మాంసం ముట్టరు, నేల మీదే పడుకుంటారు, ఆడవాళ్లు ఆ తోట దగ్గరికే పోకూడదు. పురుగు తన చుట్టూ దారం చుట్టుకుని కాయ కట్టుకుంటుంది, కోడిగుడ్డంత ఉంటుంది, పైన ఒక కాడ ఉంటుంది. ఆ కాడలకు దారం కట్టి కాయలను దండలాగా గుచ్చుతారు. అత్తమ్మ వాటిని కుండలో సోడా వేసి ఉడకబెట్టి, నాలుగైదు కాయల కొసలు కలిపి, తొడ మీద పేనుకుంటూ పోగు తీస్తుంది.

మొదటి వారం ఆ ఉడికే వాసనకు నాకు అన్నం పోలేదు. ఇప్పుడు అలవాటయింది. తొడ మీద తోలు లేచి మండుతుంది, అదీ తగ్గుతుందంటున్నారు. బాపు పాత ధోవతి మెత్తనిది ఒకటి ఉంటే పంపమని అమ్మకు చెప్పు, రాత్రిళ్లు తొడకు కట్టుకుంటాను. ఎందుకని అడిగితే మాత్రం చెప్పకు, ఊరికే ఏడుస్తుంది. అన్నం బాగానే తింటున్నాను. చలి మాత్రం మన జఫర్‌గఢ్ వైపు చలి కాదు. పొద్దున పొగమంచు చెట్లలోంచి దిగి నేరుగా ఇంట్లోకి వస్తుంది. ఇల్లు చాలా చప్పుడు లేకుండా ఉంటుంది అక్కా. మనింట్లో పొద్దున లేస్తే బాపు మగ్గం చప్పుడు, అది ఆగితే అందరం “ఏమయింది” అని చూసేవాళ్లం. ఇక్కడ పోగు తీసే పనికి చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు ఏమీ తోచదు.

ఇంట్లో ఇంకొకామె ఉంది. నర్సవ్వత్త. మామకు సొంత అక్క. భర్త పోయినాక పిల్లలు కూడా లేక ఇక్కడికే వచ్చేసింది, వెనక కొట్టం పక్క గదిలో ఉంటుంది. పొడుగ్గా, ఎండిన కొమ్మలాగా ఉంటుంది. ఈ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడేది ఆమె ఒక్కతే. అత్తమ్మ చెడ్డది కాదు, నువ్వు అట్లా అనుకోకు. నాకు తినడానికి ముందు పెట్టి తర్వాత తాను తింటుంది. కానీ నర్సవ్వత్త విషయంలో ఆమెకు పట్టింపు. ముఖ్యంగా విత్తనం దండను ముట్టనివ్వదు.

విత్తనం దండ అంటే చెబుతాను. కాయలన్నీ కోసినాక చాలా వాటికి ఆవిరి పెట్టి లోపలి పురుగును చంపేస్తారు, అప్పుడు అవి రెక్కలొచ్చి సీతాకోకలాంటి చిలుకలుగా మారి కాయను తొలుచుకుని రావు, దారం తెగదు. మంచి బరువైన కాయలను మాత్రం వేరు చేసి, చంపకుండా దండ గుచ్చి దూలానికి కడతారు. వానలు పడగానే వాటిలోంచి చిలుకలు బయటికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లే మళ్లీ పంట. ఈ ఇంటికి ఏడాది బతుకంతా ఆ దండ మీదే.

పుష్యమాసం చివర అత్తమ్మకు కంటి నొప్పి వచ్చింది. నీ మరిది ఆమెను భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాడు, అక్కడే చుట్టాలింట్లో రెండు రోజులు ఉన్నారు. పోతూ పోతూ ఆటో ఎక్కుతూ అత్తమ్మ, “నేనొచ్చే వరకు ఒక దండ దించి ఉడకబెట్టు పిల్లా, పోగు తీసి పెట్టు” అన్నది. దూలాలకు రెండు దండలు ఉన్నాయి. ఒకటి గడప దగ్గర, ఒకటి లోపల పొయ్యి వైపు. ఏది విత్తనం దండో నాకు అప్పటికి తెలియదు, ఏ దండ అని అడగాలి. ఆటో అక్కడే ఉంది. అడిగితే ఇన్ని నెలలుగా ఇంట్లో ఉండి ఇది కూడా తెలియదా అనుకుంటుందని అడగలేదు. మామను అడగాలంటే భయం.

అక్కా, మనింట్లో బాపు నూలు చిలపలు దూలానికి ఎట్లా కడతాడు? ముందుగా వాడే నూలు గడప దగ్గర, వెలుతురుకు, చేతికి అందేటట్టు. దాచిపెట్టే నూలు లోపల. చిన్నప్పటి నుంచి గడప దగ్గరి చిలప దించి కండెలు చుట్టిన చేతులు నావి. నేను ఇంకేం ఆలోచించలేదు. పీట ఎక్కి గడప దగ్గరి దండ దించి కుండలో వేశాను.

ఉడుకుతుండగా నర్సవ్వత్త కట్టెల మోపుతో వచ్చింది.

“ఏం ఉడకబెడ్తున్నవ్ పిల్లా?”

“దండ, అత్తా. అత్తమ్మ చెప్పి పోయింది.”

ఆమె కుండలోకి తొంగి చూసింది. తర్వాత గడప పైన దూలం వైపు చూసింది. మోపు ఆమె చేతిలోంచి జారిపోయింది.

“ఓ యవ్వా! గది ఇత్తనం దండ గదనే. వాటిల పానం ఉండె పిల్లా.”

“గడప కాడ ఉన్నది గదా అత్తా, ముందుగాల వాడేది అదే అనుకున్న. మా బాపు గట్లనే కడ్తడు” అన్నాను.

“మీ బాపు కట్టేది నూలు. నూలుకు ఊపిరి ఆడాల్నా? దీనికి గాలి తగలాలె, గందుకే గడప కాడ.” అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపటికి లేచి, లోపలి దండను దించి తెచ్చి గడప దగ్గరి దూలానికి కట్టింది. పీట కూడా అవసరం లేకుండా, చెయ్యి చాపి కట్టేసింది. “వానలు పడేదాంక ఎవలికి తెల్వది. అప్పటికి నేనేమన్న జేస్త. నువ్వు నోరు మూసుకోని పోగు తియ్యి” అన్నది.

తీశాను. నా జీవితంలో అంత మంచి పోగు తీయలేదు. ఏరి పెట్టిన కాయలు కదా. అత్తమ్మ వచ్చి ఆ పోగును వెలుతురుకు పట్టి, మామకు చూపించి, “చూసినవా నీ కోడలి చెయ్యి. ఇంత సన్నగ నేను గూడ తియ్యలే” అన్నది. ఈ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అది. దాన్ని నేను ఎట్లా దిగమింగానో నీకు చెప్పలేను.

ఆ రోజు నుంచి నాకు నిలకడ లేదు. గడప దగ్గర వేలాడుతున్నది చచ్చిన కాయల దండ. మామ పొద్దున్నే లేచి కళ్లు నులుముకుంటూ ముందుగా దాన్నే చూస్తాడు. ముట్టడు, విత్తనాన్ని ఊరికే ముట్టకూడదంటారు. చూసి తృప్తిగా బయటికి పోతాడు. బతికున్న కాయ బరువుగా ఉంటుంది, గాలికి కదలదు. చచ్చింది లోపల ఎండిపోతుంది. ఎండినాక ఊపితే గలగలమంటుంది. అందుకే గాలి వీచినప్పుడల్లా నా పని ఆగిపోతుంది. పొయ్యి దగ్గర ఉన్నా, బావి దగ్గర ఉన్నా చెవి అటే ఉంటుంది.

నిన్న ఆ చప్పుడు అత్తమ్మ విన్నది. గడప ఊడుస్తూ ఆగి, చీపురు పక్కన పెట్టి, “ఏందిది, గలగల అంటున్నది?” అన్నది. పీట ఎక్కి ఒక కాయ చేతిలో పట్టి తూచి చూసింది. ఆమె ముఖం మారిపోయింది. “పానం లేదు దీంట్ల. ఒక్కదాంట్ల లేదు” అని అరిచింది. తర్వాత నేరుగా వెనక గదికి పోయింది. “వదినే, నిజం జెప్పు. నువ్వు దండ ముట్టినవా?”

నర్సవ్వత్త నా వైపు చూడను కూడా లేదు. “ముట్టిన” అన్నది.

తర్వాత అత్తమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను. భర్త పోయిన ఆడదాని చెయ్యి తగిలితే విత్తనంలో ప్రాణం పోతుందని ఆమె నమ్మకం. రాత్రి నుంచి నర్సవ్వత్త పళ్లెం బయట అరుగు మీద పెడుతున్నారు. మామ ఏమీ అనలేదు. నీ మరిది ఏమీ అనలేదు. నేను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాను, నేనూ ఏమీ అనలేదు.

ఇది జరిగి ఒక రోజే అయింది. ఇప్పుడు చెబితే ఇంకా టైం ఉంది. వేరే ఊళ్లో విత్తనం దాచుకున్నవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. వానల దాకా ఆగితే ఎవరి దగ్గరా ఉండదు. అదంతా నాకు తెలుసు. తెలిసే ఇట్లా కాగితం మీద రాస్తూ కూర్చున్నాను. నాకు ఎవరి ముందు నిలబడి ఏం చెప్పాలో తెలియదు. నేను బాగానే ఉన్నాను, నువ్వు రంది పడకు.

అత్తమ్మ పిలుస్తున్నది. మళ్లీ రాస్తాను.

గురువారం

అక్కా, రెండు రోజుల తర్వాత మళ్లీ పీట ముందు కూర్చున్నాను. కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచాను, ఎవరూ చూడలేదు.

నిన్న పొద్దున పేడ తట్ట ఎత్తుకుని ఇంటి వెనక పొలానికి పోయాను. కోత అయిపోయిన మడి, మోళ్ల మీద మంచు. ఎండ అప్పుడే వాటి మీద పడుతున్నది. ఒక్కసారిగా చూస్తే మోడుకు మోడుకు మధ్య అంతా దారాలు. కొన్ని తెగి గాలిలో పోతున్నాయి, ఒకటి నా ముక్కుకు అడ్డం పడింది. గట్టు మీద నర్సవ్వత్త కూర్చుని తన పళ్లెంలో సద్ది తింటున్నది. అరుగు మీద అందరి ముందర తినలేక అక్కడికి తెచ్చుకుందనుకుంటా.

నేను పోయి పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక మానస అడిగిన మాటే అడిగాను. “అత్తా, గీ దారాన్ని సాలెపట్టు అంటరు గదా. సాలె అంటే నాకు తెల్సు. పట్టు అని ఎందుకన్నరు?”

ఆమె నవ్వింది. “గింత పరేషాన్ల గిదా నీ సవాలు?” అన్నది. తర్వాత చెయ్యి కడుక్కుని చెప్పింది. “నూలు చెట్టుకు కాస్తది. దాన్ని నువ్వు తెంపుకొస్తవు. పట్టు గట్ల కాదు, అది పురుగు కడుపులకెళ్లి వస్తది. అది తీసి ఇస్తెనే నీకు. మద్ది చెట్టు మీది పురుగైనా గంతే, గీ సాలెపురుగైనా గంతే. గందుకే అదీ పట్టే. నేసుడు మీ ఇంటి పని, సరుకు మా ఇంటిది. ఎవలో పాత కాలపోళ్లు రెంటిని కలిపి పేరు పెట్టిండ్రు.”

మానసకు ఈ మాట నర్సవ్వ అనే ఆమె చెప్పిందని తప్పకుండా రాసుకోమను. పంతులమ్మ సగం చెప్పింది, ఈమె సగం చెప్పింది.

ఒక దారం కొసను ఆమె వేలి మీదికి ఎక్కించుకుంది. కొసన ఆవగింజంత పురుగు ఉంది. “చూడు, గిది పోతున్నది. చేను కోసినంక దీనికి ఇల్లు లేదు. దారం ఇడిచి గాలికి కూసుంటది. యాడ తగిలితే గదే ఇల్లు” అన్నది. మన నాయనమ్మ కూడా సరిగ్గా ఇదే చెప్పేది, నీకు గుర్తుందా? నువ్వు మానుకోటకు, నేను ఇక్కడికి.

నేను అప్పుడే చెప్పాను, “అత్తా, నేను ఇంట్ల చెప్తా” అని.

“నువ్వు కొత్తదానివి. నోరు మూసుకోని ఉండు పిల్లా. నాకేం పోతది? పళ్లెం యాడున్నా అన్నం అన్నమే గదా” అన్నది. ఆ మాట అంటూ ఆమె పళ్లెంలోకి చూసింది, నన్ను చూడలేదు. ఇంక నేను అక్కడ కూర్చోలేకపోయాను. పేడ తట్ట గట్టు మీదే వదిలేసి వచ్చాను.

మామ వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. నీ మరిది బండి చైన్‌కు నూనె వేస్తున్నాడు. అత్తమ్మ కుండ దగ్గర ఉంది. నర్సవ్వత్త కూడా నా వెనకే వచ్చి కొట్టం దగ్గర నిలబడింది.

“మామా” అన్నాను. పెళ్లయినాక ఆయనను పిలవడం అదే మొదటిసారి. చెంబు పట్టుకునే తిరిగి చూశాడు. “ఇత్తనం దండ అత్త ముట్టలే. నేనే ఉడకబెట్టిన. అత్తమ్మ దవాఖానకు పోయిన నాడు. గడప కాడ ఉంటే ముందుగాల వాడేదనుకున్న. మా ఇంట్ల గట్లనే ఉంటది.”

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు అక్కా. నీ మరిది చేతిలో నూనె సీసా అట్లానే ఆగిపోయింది.

అత్తమ్మకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత, “అంటే గా పోగు... నేను ఊరంత చూపిచ్చిన పోగు...” అని నోటికి కొంగు పెట్టుకుంది. మరుక్షణం లేచింది. “మరి గీ దండ ఎవలు కట్టిండ్రు గడప కాడ?”

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. నర్సవ్వత్త కొట్టం దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె కంటే ముందే నేను అనేశాను.

“నేనే కట్టిన.”

“దించుడంటే పీటెక్కి దించుతవు. కట్టుడు ఎట్ల? నీ చెయ్యి అందదు గదా గా దూలానికి!”

“పీట మీద పీట ఏసుకున్న.”

“మరి వదినె ముట్టిన అని ఎందుకన్నది?”

“నన్ను బచాయించెటందుకు అన్నది. నేను ఏడుస్తుంటే చూసింది.”

మామ చెంబు కింద పెట్టి గడప దగ్గరికి పోయాడు. తల ఎత్తి దండను కాదు, దూలం మీది ముడిని చూశాడు. చాలాసేపు చూశాడు. నా ముడి వేరు అక్కా, నాది మగ్గం ముడి, బాపు నేర్పింది. దూలం మీది ముడి అది కాదని ఎవరైనా చెప్పగలరు. చిన్నప్పటి నుంచి తన అక్కతో పెరిగినవాడు అది ఆమె ముడి అని చెప్పలేడా? ఆయన తల దించి తన అక్క వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు.

“సరే. ఇప్పుడన్న జెప్పినవ్” అన్నాడు. అంతే. తర్వాత నీ మరిదితో, “బండి తియ్యి. వాగు అవతలి ఊళ్లె అడిగి వద్దాం. ఆలస్యమైతే వాళ్లది గూడ ఉడకబెట్టేస్తరు” అన్నాడు. ఉడకబెట్టేస్తరు అన్నప్పుడు నీ మరిది మూతి అదిరింది, నవ్వు ఆపుకున్నాడని నాకు తెలుసు. తర్వాత అడిగితే లేదంటున్నాడు.

అత్తమ్మ నాతో మాట్లాడలేదు. ఉప్పు ఎక్కడ అంటే చూపించింది, అంతే. ఇవాళ కూడా అంతే. ఆమె కోపం న్యాయమే కదా. నిన్న మధ్యాహ్నం మాత్రం నర్సవ్వత్త పళ్లెం అరుగు మీద లేదు. లోపల గోడకు ఆనించి ఉంది, మా పళ్లాల పక్కనే. ఎవరు పెట్టారో నేను చూడలేదు, అడగలేదు.

పొద్దు వాలకముందే వాళ్లు తిరిగి వచ్చారు. ఒక దండ దొరికింది. మనదానిలో సగం కూడా లేదు, కాయలు కూడా అంత పెద్దవి కావు. నేను తీసిన ఆ మంచి పోగు వాళ్లకు ఇచ్చి తెచ్చారట. ఈసారి పంట సగమే అని అత్తమ్మ పైకే అన్నది. నాకు వినపడాలనే అన్నది. విన్నాను.

మామ చచ్చిన కాయల దండను విప్పి కింద పెట్టాడు. కొత్త దండను ఎత్తి ఒక కొస దూలానికి కడుతూ, రెండో కొస కిందికి జారిపోతుంటే, వెనక్కి తిరగకుండానే, “అక్కా, జర గా కొస అందుకో” అన్నాడు.

అత్తమ్మ కుండ దగ్గర నుంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. నర్సవ్వత్త తన రెండు చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు తుడుచుకుంది. తర్వాత వచ్చి కొస అందుకుంది. పీట లేకుండా, చెయ్యి చాపి కట్టింది.

నేను గిన్నెలు తోముతుంటే నా పక్కకు వచ్చి మెల్లగా, “అబద్ధం జెప్పినవ్ గదనే” అన్నది.

“నువ్వు చెప్పలేదా అత్తా?” అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. అత్తమ్మ చూస్తుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం.

ఇవాళ గాలి బాగానే ఉంది. అలవాటు పోలేదు, చప్పుడు అయితే ఇంకా లేచి గడప దాకా పోతున్నాను. కొత్త దండ కదలడం లేదు, బరువుగా ఉంది. వానల్లో చిలుకలు వచ్చేదాకా నాకు నిద్ర సరిగ్గా పట్టదేమో. శివరాత్రికి కురవి పోతే వీరభద్రస్వామి దగ్గర ఒక కొబ్బరికాయ కొట్టు. నా పేరున కాదు, దండ పేరున కొట్టు. దండకు పేరేమిటని పూజారి అడిగితే నీ ఇష్టం.

మీ అత్తమ్మకు, బావకు నా దండాలు చెప్పు. జఫర్‌గఢ్ పోయినప్పుడు బాపుకు, అమ్మకు నా తరఫున కాళ్లు మొక్కు, నేను మంచిగా ఉన్నానని చెప్పు. ధోవతి గుడ్డ మరిచిపోకు. నీ దగ్గు సంగతి రాయి. మానసను ముద్దు పెట్టుకో. నీ దీవెన ఒకటి నా మీద ఉంచు అక్కా, ఇక్కడ అది చాలా పనికొస్తుంది.

ఉత్తరంలో ఒక చిన్న పోగు ముక్క మడిచి పెట్టాను. ఆ గడప దండ కాయలదే, కుండ అడుగున అంటుకుని మిగిలితే దాచుకున్నాను. అది మానసకు ఇవ్వు. వెలుతురుకు పట్టి చూడమను, సాలెపట్టు ఎట్లా ఉంటుందో దానికి తెలుస్తుంది. ఆ మాట గురించి రాసినదంతా దాని నోట్‌బుక్‌లో ఎక్కించుకోమను, నువ్వు చదువుతూ ఉండు, అది రాసుకుంటుంది. మిగతాది దానికి చదివి వినిపించకు.

ఆ చచ్చిన కాయల దండను గడప దగ్గర నర్సవ్వత్త కట్టిందని ఈ కాగితంలో తప్ప ఎక్కడా లేదు. నేను పీట మీద పీట వేసుకుని కట్టాను. ఇంట్లో అందరికీ అదే తెలుసు, అదే తెలియాలి. అందుకని మానస రాసుకోవడం అయిపోగానే దీన్ని తీసుకుపోయి పొయ్యిలో పెట్టు అక్కా. పోగు మాత్రం ముందు తీసి పక్కన పెట్టు. ఉత్తరాన్ని పూర్తిగా కాలేదాకా నిలబడి చూడు.

నీ చెల్లె
స్వరూప